జావా ఫారములు: పుట్టుకలో వచ్చు పొరపాట్లు

(ఉపన్యాస పాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికమీద కంప్యూటరు ప్రోగ్రాములలోని తప్పులను గూర్చి ప్రసంగమేమని కొందఱికి తోపవచ్చును. పద్యపఠనమో, హరికథయో జరుగవలసిన చోట జావా భాష ఏల? కాని బస్తరులోని తెలుగు కుటుంబములలో పెద్దలు పనినుండి ఇల్లు చేరునప్పటికి పిల్లవాడు తెరముందు కూర్చుండి, ఎఱ్ఱని అక్షరములను చూచి దిగులుపడుచుండుట క్రొత్త దృశ్యము కాదు. ఆ యెఱ్ఱని అక్షరములు ఏమి చెప్పుచున్నవి? అవి కనబడవలసియుండియు కనబడనప్పుడు ఏమి జరుగుచున్నది? ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది. ప్రసంగము చాలవఱకు దానిని గూర్చియే.

బస్తరునకును తెలుగునాటికిని గల బాంధవ్యము నిన్న మొన్నటిది కాదు. ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు ఇంద్రావతీ ప్రాంతమునకు వచ్చి రాజ్యము స్థాపించెనని ఇచ్చటి రాజవంశపు ఐతిహ్యము. దక్షిణమున కుంట, భూపాలపట్నము వైపున తెలుగు నేటికిని వినబడును. ఉద్యోగములకై వచ్చిన తెలుగువారి చరిత్ర వేఱు. హైదరాబాదు ప్రధాన స్థానముగా గల, 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో బైలదిల్లా కొండలలో కిరండూల్ వద్ద ఇనుపరాతి త్రవ్వకము ప్రారంభించినది. ఆ రాతిని విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై కొత్తవలస నుండి కిరండూల్ వఱకు రైలుమార్గము అరకు కొండలను తొలుచుకొని వచ్చినది. ఆ బండిలోనే ఎన్నో తెలుగు కుటుంబములును వచ్చినవి.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలు ఎక్కువగా చదువు సి.బి.యస్.ఇ. పాఠశాలలలో, పదునొకండు, పండ్రెండు తరగతులయందు, ‘ఇన్‌ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్’ అను విషయముగా 2010 తరువాతి దశాబ్దములో చాల కాలము జావా భాషనే బోధించిరి. నెట్‌బీన్స్ అను సాధనముతో తెరపై ఫారములను నిర్మించుట అందులోని భాగము. తరువాత ఆ స్థానమునకు పైథాను వచ్చినది. ఐనను ఐ.సి.యస్.ఇ. పాఠశాలలలోను, పాలిటెక్నిక్కులలోను, ఇంజనీరింగు కళాశాలలలోను జావా నేటికిని ఉన్నది. మహానగరమున నున్న విద్యార్థికి సందేహము కలిగిన వీథికొక శిక్షణాలయము దొరకును. కొండనడుమ గనుల ఊరిలోని విద్యార్థికి అట్లు దొరకదు. అతడు తప్పును చూచి, తన బుద్ధియే మందమని తలచి, స్నేహితుని ప్రోగ్రామును నకలు వ్రాసికొని పరీక్షకు పోవును. నష్టము అక్కడ మొదలగుచున్నది. నిజమునకు అతని బుద్ధిలో లోపము లేదు. ఒకటి రెండు సంగతులు అతనికి ఎవ్వరును విడమఱచి చెప్పలేదు, అంతియే.

జావా భాష 1995లో లోకమునకు వెల్లడియైనది. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ అను సంస్థలో జేమ్స్ గోస్లింగ్ ప్రభృతులు దానిని నిర్మించిరి. తెరపై కిటికీలు, పెట్టెలు, బటనులు అమర్చుటకు నేడు వాడుకలోనున్న స్వింగ్ సామగ్రి 1998లో దానితో చేరినది. నెట్‌బీన్స్ జన్మవృత్తాంతము ముచ్చటైనది. 1996లో ప్రాగ్ నగరములోని చార్లెస్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు తమ చదువులో భాగముగా చేసిన ప్రయత్నమది. దానిని 1999లో సన్ సంస్థ కొనినది. అనగా నేటి విద్యార్థులను ఏడిపించుచున్న సాధనము ఒకప్పటి విద్యార్థుల చేతిపనియే.

ఇక విషయమునకు వత్తము. జావాలో ‘క్లాసు’ అనునది ఒక నమూనా. ఆ నమూనాను బట్టి తయారగు ఒక్కొక్క వస్తువును ‘ఆబ్జెక్టు’ అందురు. నమూనా నుండి వస్తువు పుట్టు క్షణమున జరుగవలసిన పనులను వ్రాసియుంచు భాగమే ‘కన్‌స్ట్రక్టరు’. ఈ మూడింటి భేదము మనస్సునకు పట్టుటకు జగదల్‌పూరు వాసులు దూరము పోనక్కఱలేదు. దసరా రథమును తలచుకొనిన చాలును.

డెబ్బదియైదు దినములు సాగు బస్తరు దసరా హరేలి అమావాస్యనాడు పాట్ జాత్రతో ఆరంభమగును. (ఉత్తరాది లెక్కకు అది శ్రావణ అమావాస్య, తెలుగు పంచాంగమున ఆషాఢ అమావాస్య. ఈ తేడావలన క్రొత్తగా వచ్చిన తెలుగువారు తికమకపడుట కలదు.) అడవినుండి తెచ్చిన తొలి కొయ్యకు పూజ జరుగును. తరువాత సిరహాసారు భవనమున స్తంభము పాతుదురు. ఆ పిమ్మటనే వడ్రంగులు, కమ్మరులు రథపు పనికి పూనుకొందురు. ఏటేట క్రొత్త రథము తయారగును. పూలరథమునకు చక్రములు 4, విజయరథమునకు 8. అంతయు ముగిసిన తరువాతనే దంతేశ్వరీదేవి ఛత్రము రథమెక్కును.

వడ్రంగుల మనస్సులోని కొలతలు క్లాసు. ఈ సంవత్సరము సిరహాసారు ముందు నిలిచిన రథము ఆబ్జెక్టు. పాట్ జాత్ర మొదలు కడపటి మేకు వఱకు గల క్రమము కన్‌స్ట్రక్టరు. చక్రములు నాలుగా, ఎనిమిదా అని పనికి ముందు చెప్పు మాట, ఆ కన్‌స్ట్రక్టరునకు ఇచ్చు విలువ. కొలతలు ఎంత చక్కగా తెలిసినను వాటిమీద ఛత్రము నిలువదు. రథము సగము పనిలోనుండగా ఛత్రమెక్కించిన కూలును. ప్రారంభకుల తప్పులలో సగము ఈ రెండు మాటలలో ఇమిడియున్నవి: పుట్టని వస్తువును వాడుట, పుట్టుచున్న వస్తువును తొందరపడి వాడుట.

మాట సులభముగా సాగుటకు ఒక చిన్న ప్రోగ్రామును ఊహించుకొనుడు. కిరండూల్‌లో ఇనుపరాతి నింపిన గూడ్సు బండిలోని వ్యాగనుల బరువులను నమోదు చేయవలెను. ‘వ్యాగను’ అనునది క్లాసు. దానికి ‘సంఖ్య’, ‘బరువు’ అను రెండు ఫీల్డులు. తెరపై ‘నమోదు’ అను ఫారమున రెండు పెట్టెలు, ఒక బటను. ‘జాబితా’ అను రెండవ ఫారమున వ్యాగనుల పట్టిక, అడుగున మొత్తము. పరీక్షించుటకు మూడు వ్యాగనులు చాలును: 58, 60, 61 టన్నులు. చేతితో కూడిన 179. ఈ 179 గుర్తుంచుకొనవలసిన అంకె.

ఈ పేర్లను తెలుగున చెప్పుట కేవలము సభామర్యాదకు కాదు. జావాలో క్లాసుల పేర్లను, ఫీల్డుల పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును, కంపైలరు అంగీకరించును. ఫైలును యూ.టీ.ఎఫ్.-8 పద్ధతిలో దాచిన చాలును. 2022లో వచ్చిన 18వ జావా నుండి అదియే సహజ పద్ధతి. ఐతే ఉద్యోగమున పదిమందితో కలిసి పనిచేయువారు ఆంగ్ల లిపినే వాడుట మంచిది. ఇంగ్లీషులో వ్రాయునప్పుడు తెలుగు విద్యార్థికి ఒక చిక్కు కలదు. తెలుగులో పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము లేదు. జావాకు ఆ భేదము ప్రాణము. క్లాసు పేరు పెద్ద ‘డబ్ల్యూ’తోను, కన్‌స్ట్రక్టరు పేరు చిన్న ‘డబ్ల్యూ’తోను వ్రాసిన, చూచువారికి రెండును ఒకటే, కంపైలరునకు ఏ సంబంధమును లేని రెండు పేర్లు.

అప్పుడు ఏమగును? కన్‌స్ట్రక్టరు పేరు క్లాసు పేరుతో అక్షరాక్షరము సరిపోవలెనని నియమము. సరిపోనిచో కంపైలరు దానిని కన్‌స్ట్రక్టరుగా గుర్తింపక, సామాన్యమైన మెథడుగా భావించి, ‘ఇన్‌వాలిడ్ మెథడ్ డిక్లరేషన్, రిటర్న్ టైప్ రిక్వయర్డ్’ అనును. మెథడు ఏ జాతి విలువను తిరిగి ఇచ్చునో ముందు చెప్పవలెనని దాని కోరిక. ఇది మంచి హెచ్చరిక. కాని విద్యార్థి దీనిని ఎట్లు చదువును? ‘రిటర్న్ టైపు కావలెనట’ అని చదివి, పేరునకు ముందు ‘వాయిడ్’ అను మాట తగిలించును. ఎఱ్ఱ గీత మాయమగును. అతడు సంతోషించును. నిజమునకు రోగము తీరలేదు. రోగి నోరు మూయబడినది.

‘వాయిడ్’ చేరగనే అది కన్‌స్ట్రక్టరు కాదు, పిలిచినప్పుడు మాత్రమే పలుకు మెథడు. పేరు సరిగా నున్నను సరే, ‘వాయిడ్’ ఉన్నచో అది కన్‌స్ట్రక్టరు కాదు. క్లాసులో కన్‌స్ట్రక్టరు ఒకటియు లేనప్పుడు జావా తానే ఖాళీయైన దానినొకటి సమకూర్చును. ఫారము విషయమున ఇది జరిగినచో వింత కనబడును. ‘న్యూ’ అని ఫారమును పుట్టించి, ‘సెట్ విజిబుల్’ అని చూపుమనగా, తప్పు ఏదియు రాదు. తెర మూలన శీర్షికపట్టీ మాత్రమే గల చిన్న కిటికీ తెఱచుకొనును. పెట్టెలు లేవు, బటను లేదు. ఫారములోని వస్తువులను అమర్చు ‘ఇనిట్ కాంపొనెంట్స్’ అను పిలుపు ఆ ‘వాయిడ్’ మెథడులో చిక్కుకొని, ఎవ్వరును పిలువక, అట్లే యుండును. ఖాళీ కిటికీని చూచినవారు మొట్టమొదట వెదకవలసినది ఆ నాలుగక్షరముల ఇంగ్లీషు మాటనే.

జావా దానముగా ఇచ్చు ఆ ఖాళీ కన్‌స్ట్రక్టరును గూర్చి ఇంకొక సంగతి. విద్యార్థి తానుగా ఒక్క కన్‌స్ట్రక్టరు వ్రాసిన వెంటనే ఆ దానము రద్దగును. వ్యాగనునకు సంఖ్య, బరువు తీసికొను కన్‌స్ట్రక్టరు వ్రాసిన తరువాత ఉత్త కుండలీకరణములతో వ్యాగనును పుట్టింపబోయిన, ‘కన్‌స్ట్రక్టర్ కెనాట్ బి అప్లైడ్ టు గివెన్ టైప్స్’ అను సందేశము వచ్చును. దానిక్రింద ‘రిక్వయర్డ్’ అని కావలసినవియు, ‘ఫౌండ్’ అని ఇచ్చినవియు విడివిడిగా వ్రాయబడియుండును. ఖజానా అధికారి బిల్లుపై వ్రాయు ఆక్షేపణవలె అది స్పష్టమైనది. పై పంక్తితోనే భయపడి క్రిందికి చూడనివారే ఎక్కువ. నెట్‌బీన్స్‌లో ఇది మఱియొక రూపమున వచ్చును. ఫారము కన్‌స్ట్రక్టరును మార్చి విలువలు తీసికొనునట్లు చేసిన, ఫైలు అడుగున సాధనము తానే వ్రాసియుంచిన ‘మెయిన్’ భాగమున పాత పద్ధతి పిలుపు మిగిలి, అక్కడ ఎఱ్ఱబడును. తాను తాకని చోట తప్పు వచ్చెనేమని విద్యార్థి విస్తుపోవును.

తల్లి క్లాసునుండి పిల్ల క్లాసు పుట్టినప్పుడును ఇట్లే. పిల్ల వస్తువునకు ముందు తల్లి భాగము పుట్టవలెను. పాట్ జాత్ర కానిదే రథపు పని లేదు గదా! అందుచే పిల్ల కన్‌స్ట్రక్టరు ఆరంభమున ‘సూపర్’ అను పిలుపు ఉండవలెను. వ్రాయనిచో కంపైలరు తానే ఖాళీ ‘సూపర్’ చేర్చును. తల్లికి ఖాళీ కన్‌స్ట్రక్టరు లేనిచో, విద్యార్థి వ్రాయని పంక్తికి తప్పు చూపబడును. బస్తరు విద్యార్థికే కాదు, అనుభవజ్ఞులకును ఒకప్పుడు ఇది తల గోకించును. ‘సూపర్’ పిలుపు మొదటి వాక్యముగనే ఉండవలెనను కఠిన నియమము చిరకాలము నడచినది. 2025లో వచ్చిన 25వ జావా దానిని కొంత సడలించినది. ఇప్పుడు దానికి ముందు వచ్చిన విలువలను పరీక్షించుకొనవచ్చును; కాని పుట్టుచున్న వస్తువును అప్పటికి చదువరాదు.

ఇంతవఱకు చెప్పినవానిలో చాలభాగము నోరుగల తప్పులు. అవి అఱచును, అఱచినవానికి మందు దొరకును. నోరులేని తప్పులే ప్రమాదకరములు.

వ్యాగను కన్‌స్ట్రక్టరులోనికి వచ్చు విలువకును ‘బరువు’ అనియే పేరు. ఫీల్డునకును ‘బరువు’ అనియే పేరు. లోపల విద్యార్థి ‘బరువు = బరువు’ అని వ్రాయును. చూచుటకు న్యాయముగా నున్నది. కాని దగ్గఱి పేరు దూరపు పేరును కప్పివేయును. వచ్చిన విలువ తనకు తానే అప్పగింపబడును. ఫీల్డు సున్నగనే మిగులును. కంపైలరు మాటాడదు. మూడు వ్యాగనులు చేర్చి మొత్తము చూడగా 0. ఎడమవైపున ‘దిస్’ అను మాట చేర్చి, ‘ఈ వస్తువుయొక్క బరువు’ అని స్పష్టము చేసిన 179 వచ్చును.

ఆ మందు అందఱును చెప్పుదురు. అంతకంటె మేలైన జాగ్రత్త యొకటి కలదు. పుట్టిన తరువాత మాఱనక్కఱలేని ఫీల్డును ‘ఫైనల్’ అని ప్రకటింపవలెను. అప్పుడు అదే పొరపాటు చేసినచో, ఆ ఫీల్డునకు విలువ చేరలేదని కంపైలరు వెంటనే ఆక్షేపించును. నోరులేని తప్పునకు నోరు వచ్చును. ప్రారంభకులకు ‘ఫైనల్’ ఆఖరి పాఠముగా చెప్పుట వాడుక. మొదటి వారముననే చెప్పుట న్యాయము.

సున్న కనబడినచో ఎవడైనను అనుమానించును. 183 కనబడినచో? ఇది ఇట్లు వచ్చును. ‘మెయిన్’ అనునది స్టాటిక్ భాగము. అనగా ఏ వస్తువునకును చెందక క్లాసునకు చెందినది. దానినుండి విద్యార్థి ఒక ఫీల్డును నేరుగా తాకబోయిన, ‘నాన్ స్టాటిక్ వేరియబుల్ కెనాట్ బి రిఫరెన్స్‌డ్ ఫ్రమ్ ఎ స్టాటిక్ కాంటెక్స్ట్’ అని కంపైలరు అడ్డుపడును. దాని భావము: ‘ఏ వ్యాగను బరువు? ముందు వ్యాగనును పుట్టించి, దాని బరువు అడుగుము’ అని. విద్యార్థి ఆ ప్రశ్న వినడు. స్టాటిక్ లేదని గొడవ గనుక ఫీల్డునకే ‘స్టాటిక్’ తగిలించును. అఱపు ఆగును. ఇక బరువు వ్యాగనుమీద వ్రాసిన అంకె కాదు, షెడ్డు గోడమీద వ్రాసిన ఒకే అంకె. 58 వ్రాసిరి, దానిని తుడిచి 60, దానిని తుడిచి 61. జాబితాలో మూడు వ్యాగనులును 61 చొప్పున చూపి, మొత్తము 183 అనును. 179కి 183 ఎంత దగ్గఱ! పై అధికారి చూచినను అనుమానింపడు. ముద్రించిన కాగితమునకుగల గౌరవము ఆ అంకెకును దక్కును. ఇదే లెక్కను జీతములకో, భవిష్యనిధికో వేసిన, ఒకరి బాకీ ఇంకొకరి మీద పడును. తప్పు సందేశమును అణచివేసిన ప్రతి పర్యాయమును విద్యార్థి ఇట్టి 183కు దారి తెఱచుచున్నాడు.

కాబట్టి చేతితో కూడి ఎఱిగిన మొత్తముతో ప్రోగ్రామును పరీక్షింపవలెను. అందును మూడు వేర్వేరు విలువలు కావలెను. మూడు వ్యాగనులకును 60 చొప్పున వేసి పరీక్షించువానికి స్టాటిక్ తప్పు ఏనాటికిని బయటపడదు.

ఇక ఫారముల విషయము. ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’ పేరు వినని జావా విద్యార్థి లేడు. పేరు వినబడిన చోట వస్తువు లేదనియే దాని అర్థము. ఇది మూడు నాలుగు దారుల వచ్చును; వానిలో రెండు మాత్రము ఎక్కువ. మొదటిది క్రమభంగము: కన్‌స్ట్రక్టరులో ‘ఇనిట్ కాంపొనెంట్స్’ పిలుపునకు ముందే పెట్టెలో అక్షరములు నింపబోవుట. పెట్టె ఇంకను పుట్టలేదు. ఆ పిలుపును ముందు పెట్టి, సొంత పనులన్నిటిని దాని తరువాత వ్రాసిన చాలును. విలువలు తీసికొను రెండవ కన్‌స్ట్రక్టరు వ్రాసినవారు అందులో ఆ పిలుపును మఱచుట కూడ ఇందులోనిదే. రెండవ కన్‌స్ట్రక్టరు మొదటి వాక్యముగా ‘దిస్’ అని ఖాళీ కుండలీకరణములతో మొదటి కన్‌స్ట్రక్టరును పిలిచిన, మఱచుటకు తావుండదు.

రెండవ దారి చూపునకు చిక్కనిది. ఫారమునకు ‘బరువుపెట్టె’ అను ఫీల్డు పైన ప్రకటింపబడియున్నది. చేతితో ఫారము వ్రాయు విద్యార్థి కన్‌స్ట్రక్టరు లోపల మరల జాతిపేరుతో సహా, ‘జె టెక్స్ట్ ఫీల్డ్ బరువుపెట్టె = న్యూ’ అని వ్రాయును. ఆ జాతిపేరు చేరుటచే అది క్రొత్త పెట్టెయైనది. కన్‌స్ట్రక్టరు ముగియుటతో ఆ పేరు పోవును. తెరపై పెట్టె కనబడుచునే యుండును, అందులో 58 అని టైపు చేయవచ్చును. కాని బటను నొక్కగనే ప్రోగ్రాము పైనున్న ఫీల్డును వెదకి, శూన్యమును చూచి తప్పు చూపును. కండ్లయెదుట పెట్టె ఉండగా ‘పెట్టె లేదు’ అనుచున్నదే యని విద్యార్థి యంత్రముపై కోపగించును. ఆ జాతిపేరును తీసివేసిన చాలును. 15వ జావా నుండి ఈ సందేశము ఎంతయో మెఱుగుపడినది. ఏ పేరు శూన్యముగా నున్నదో అదియే చెప్పును. పాఠశాలలలో పాత జావాయే మిగిలియున్నచో, ఈ ఒక్క మేలు కొఱకే క్రొత్తది వేయించుట తగును.

రెండు ఫారముల నడుమ మాట నడపుట ఇంకొక గండము. జాబితా ఫారము తనకు కావలసిన విలువకై ‘న్యూ నమోదు’ అని వ్రాసి, దాని పెట్టెను చదువును. ఖాళీ వచ్చును. ఏలయనగా, ‘న్యూ’ అన్న ప్రతిసారి క్రొత్త ఫారము పుట్టును. వినియోగదారుడు టైపు చేసినది తెరపైనున్న ఫారములో. చదివినది ఇప్పుడే పుట్టి ఎవ్వరికిని కనబడని ఫారమును. ఎవరో నింపి బల్లమీద పెట్టిన దరఖాస్తును చూడక, కట్టనుండి క్రొత్త దరఖాస్తు లాగి, ఇందులో ఏమియు లేదే యని గుమాస్తా ఆశ్చర్యపడినట్లు. నమోదు ఫారము తననే, అనగా ‘దిస్’ను, జాబితా ఫారపు కన్‌స్ట్రక్టరునకు అందింపవలెను. ఇంకను మంచిది, ఫారములను ఫారములకు అందింపక, వ్యాగనుల పట్టికను మాత్రము వేఱుగా నుంచి, రెండింటికిని అదే పట్టికను అందించుట. ఈ మందు తెలియక కొందఱు నమోదు ఫారపు ఫీల్డులో జాబితాను, జాబితా ఫారపు ఫీల్డులో నమోదును ‘న్యూ’ అని పుట్టింతురు. ఒకటి పుట్టుటకు రెండవది పుట్టవలెను. రెండవది పుట్టుటకు మొదటిది మరల పుట్టవలెను. కిటికీ కనబడక మునుపే ‘స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్’ అని వందల పంక్తులు తెరపై పాఱును. ఒకే రెండు పంక్తులు మరల మరల కనబడుటయే దాని గుర్తు.

చిల్లర సంగతులు కొన్ని. వస్తువులన్నియు చేర్చిన పిదపనే ‘సెట్ విజిబుల్’ అనవలెను. ముందే అన్నచో కిటికీని లాగి పెద్దది చేయువఱకు బటనులు కనబడక పోవచ్చును. నెట్‌బీన్స్ ఫారము మూసిన ప్రోగ్రామంతయు ముగియునట్లు అమర్చబడి వచ్చును గనుక, జాబితా ఫారమును మూయగా నమోదు ఫారమును పోవును. రెండవ ఫారమునకు ‘డిస్పోజ్ ఆన్ క్లోజ్’ అని మార్చవలెను. బరువు పెట్టెను ఖాళీగా విడిచి బటను నొక్కిన, ‘నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్’ వచ్చును; అక్షరములను అంకెగా మార్చుటకు ముందు చుట్టునున్న ఖాళీలను తొలగించి, ఏదైన ఉన్నదా యని చూడవలెను. ఇచ్చట తెలుగువారికి ముచ్చటైన విశేషమొకటి: పెట్టెలో ౬౦ అని తెలుగంకెలతో వ్రాసినను, పూర్ణాంకములకైన ‘పార్స్ ఇంట్’ దానిని 60గా గ్రహించును. దశాంశములకైన ‘పార్స్ డబుల్’ మాత్రము గ్రహింపదు.

కడపట ఎఱ్ఱని అక్షరములను చదువు పద్ధతి. కంపైలరు ఇరువది తప్పులు చూపిన ఇరువదియు తప్పులు కావు; ఒక కుండలీకరణము మూయకున్నను అన్ని రావచ్చును. మొట్టమొదటిది సవరించి, మరల కంపైలు చేసి చూడవలెను. నడచుచుండగా కూలిన ప్రోగ్రాము విషయమున, మొదటి పంక్తిలో తప్పు పేరు, దానిక్రింద అది జరిగిన దారి యుండును. ఆ దారిలో చాలభాగము జావావారి సొంత ఫైళ్ల పేర్లు, వానిని విడిచిపెట్టవచ్చును. పైనుండి దిగుచు, తాను వ్రాసిన ఫైలు పేరు మొదట ఎక్కడ కనబడునో, దాని ప్రక్కనున్న పంక్తి సంఖ్యను చూడవలెను. ఆ పంక్తిలో చుక్కకు ఎడమప్రక్కనున్న పేరేది? అది ఎక్కడ ‘న్యూ’ అయినది? ఇంటిలో జావా తెలియని తండ్రియైనను పిల్లవానిని ఈ రెండు ప్రశ్నలు అడుగవచ్చును. వానికి సమాధానము చెప్పబోవుచునే పిల్లవాడు తెరపై ఆ పంక్తిని వ్రేలితో చూపును.